ఐర్లండమ్మకు బొట్టు

ఐర్లండ్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, అది కూడా చిన్నది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో పైకప్పుకు బిగించే పొగ గంటకు ఆవాలు చిటపటలాడటానికీ ఇల్లు తగలబడటానికీ తేడా తెలియదు. వర్షం సంగతి నేను ఎత్తను. దాన్ని తిట్టే హక్కు స్థానికులది, ఆ పని వాళ్ళు సమర్థంగానే చేసుకుంటున్నారు. కాని పప్పులో తాలింపు పడ్డ ప్రతిసారీ కుర్చీ ఎక్కి, అట్టముక్కతో ఆ గంటకు విసరడం నేను చదివిన ఇంజనీరింగుకు తగిన పనేనా అని అప్పుడప్పుడు అనిపించేది. తగిన పనే అని మా ఆవిడ అభిప్రాయం.

మాది చెర్రీవుడ్‌లో రెండు పడకగదుల ఇల్లు. కరోనా కాలంలో అందులో నలుగురం ఉన్నాం. ఒక పడకగది మా ఆవిడ ఆఫీసు. తలుపు మూసి ఉంటే మీటింగు నడుస్తున్నట్టు, తెరిచి ఉంటే ఇంకో మీటింగు రాబోతున్నట్టు. హాల్లో ఇస్త్రీ బల్ల మీద నా ఆఫీసు. రెండో పడకగది మా అమ్మాయి బడి. పదేళ్ళ పిల్ల, బడులు మూసేయడంతో లాప్‌టాప్‌లో చదువుకుంటోంది. వంటగది మా అత్తగారిది. మనవరాలిని చూసి పోదామని హిందూపురం నుంచి చుట్టపుచూపుగా వచ్చి, విమానాలు ఆగిపోయి, ఇక్కడే చిక్కుకుపోయారు. ఆవిడ అడక్కుండానే ప్రభుత్వం ఆవిడ వీసా గడువు పొడిగిస్తూ పోయింది. పొమ్మన్నవాళ్ళ మీద కోప్పడటం తేలిక. ఉండమని ఇంత మర్యాదగా చెబుతున్నవాళ్ళ మీద ఎలా కోప్పడాలో ఆవిడకు తెలియలేదు.

ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదని ఆజ్ఞ. ఫోనులో మ్యాపు తెరిచి, మా ఇంటి చుట్టూ ఒక వృత్తం గీసుకున్నాం. అందులో ఒక సూపర్‌మార్కెట్టు, ఖాళీగా వచ్చి ఖాళీగా పోయే లువాస్ రైలు, సముద్రం అంచు కొంచెం పడ్డాయి. సముద్రం పడినందుకు మేం అదృష్టవంతులమని ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం, కొన్నాళ్ళ దాకా. వృత్తం అంచున గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపి ఎక్కడికని అడిగేవారు. ఆ ఏడాది ఐర్లండ్‌లో అందరినీ ‘ఎక్కడికి’ అని అడిగారు. మమ్మల్ని మాత్రం అదనంగా ‘ఎక్కడి నుంచి’ అని కూడా అడిగేవారు. చెర్రీవుడ్ అంటే, ‘అది కాదు, అసలు ఎక్కడి నుంచి’ అనేవారు. నవ్వుతూనే అడిగేవారు. అది ఒప్పుకోవాలి.

ఎదురు ఫ్లాటులో డెబ్బై దాటిన ఒక ఐరిష్ ఆవిడ ఒంటరిగా ఉండేది. ఆర్ట్ కాలేజీలో పాత పుస్తకాల బొమ్మల గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడతో మా పరిచయం పొగ గంట పుణ్యమే. మొదటిసారి అది మోగినప్పుడు డ్రెస్సింగ్ గౌనులో వసారాలోకి వచ్చి, “మంటా?” అంది.

“తాలింపు,” అన్నాను.

“గ్రాండ్,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఈ గ్రాండ్ సంగతి కొంచెం చెప్పాలి. పెళ్ళి గ్రాండ్‌గా చేశారు అంటే మన దగ్గర ఊరంతా భోజనం చేసినట్టు. ఇక్కడ గ్రాండ్ అంటే పరవాలేదు, బతికే ఉన్నాం, ఇంకేం అడక్కు అని. నా పెళ్ళి గ్రాండ్‌గా జరిగిందని నేను ఎవరితోనైనా అంటే, ఏ దేశపు అర్థంలో అన్నానో మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

డెబ్బై దాటినవాళ్ళు గడప దాటకూడదని చెప్పినప్పుడు, ప్రభుత్వం దానికి ‘కకూనింగ్’ అని ముద్దుపేరు పెట్టింది. ఎదురింటావిడ ఎందుకు బయటకు రావడం లేదని మా అత్తగారు అడిగితే, ఆ మాటకు పట్టుగూట్లో ఉంచడమని అర్థం చెప్పాను. ఆవిడ హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు పక్కన పుట్టి పెరిగారు.

“గూట్లో పెట్టినారా?” అన్నారు అత్తగారు. “అయ్యో పాపం. మల్ల ఉడకబెట్టేదెప్పుడంట?”

ఈ ప్రశ్నను నేను ఎదురింటావిడకు అనువదించలేదు.

ఫిబ్రవరిలో మా అమ్మాయి టీచరు ఒక పని అప్పగించింది. పంతొమ్మిదో శతాబ్దంలో పుస్తకాల్లో వేసిన బొమ్మలు దేశాలను ఎలా తయారుచేశాయో అన్నది పాఠం. పిల్లలు ఒక్కొక్కరూ ఒక పాత పుస్తకంలోని బొమ్మ కెమెరా ముందు చూపించి, అది ఏ దేశాన్ని ఎలా చూపిస్తోందో మాట్లాడాలి. అక్కడికి అందరికీ ఒకటే పని. మా అమ్మాయికి మాత్రం విడిగా ఒక మెసేజి వచ్చింది. నువ్వు మీ దేశపు బొమ్మ తెస్తే ఎంతో బావుంటుంది అని, చివర ఒక పువ్వుతో.

అమ్మాయి ఆ మెసేజి పట్టుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చింది.

“డాడీ, నేను ఎక్కడి నుంచి అనుకుంటోంది ఈమె?” ఇంగ్లీషులో అడిగింది. దాని ఇంగ్లీషు పూర్తిగా డబ్లిన్‌ది, మా తెలుగు అర్థమవుతుంది గాని జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది.

“చెర్రీవుడ్,” అన్నాను.

“ఎగ్జాక్ట్‌లీ!”

అది పుట్టింది డబ్లిన్ ఆసుపత్రిలో. ఇండియాను సెలవుల్లో చూసింది, అందులో చాలా భాగం డాక్టరు గది బయట బెంచీ మీద నుంచి. క్లాసులో అందరూ ఐర్లండ్ బొమ్మ తెస్తుంటే తను ఒక్కతే ఏనుగు బొమ్మ పట్టుకుని నిలబడనని చెప్పేసింది. “నేను ఐర్లండే చూపిస్తాను. ఒక్కసారి. అప్పుడు ఇంకెవరూ అడగరు,” అంది. ఒక్క బొమ్మతో ఆ ప్రశ్న తీరిపోతుందని దాని నమ్మకం. నేను ఇన్నేళ్ళుగా ఐరిష్ పాస్‌పోర్టుతో ప్రయత్నిస్తున్నానని చెప్పబోయి మానేశాను. ఆ రోజు కోపంతో అన్నం మానేసింది. పిజ్జా తింది.

మరునాడు పొద్దున వసారా మధ్యలో ఒక కుర్చీ, కుర్చీ మీద ఒక పుస్తకం. అమ్మాయి తలుపు సందులోంచి ఎదురింటావిడను అడిగిందట. ఆకుపచ్చ గుడ్డ అట్ట, దాని మీద బంగారు పూతలో ఒక తంత్రీవాద్యం. మా అమ్మాయి దాన్ని చేతులు కడుక్కుని తీసుకుంది. ఆ ఏడాది అందరం ఏది ముట్టినా చేతులు కడుక్కునే ముట్టేవాళ్ళం కాబట్టి దీన్ని ప్రత్యేక భక్తిగా చెప్పలేను.

“మా అమ్మమ్మది,” అంది ఎదురింటావిడ తన గుమ్మంలోంచి. “అమ్మమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. నువ్వు జాగ్రత్తగా చూస్తావని ఇస్తున్నా. మీ నాన్న చేతికి ఇవ్వకు.”

పుస్తకం మొదటి పేజీకి ఎదురుగానే ఆ బొమ్మ. ఒక అమ్మాయి రాతి మీద కూర్చుని ఉంది. ఒళ్ళో వీణలాంటి వాద్యం, అదే హార్ప్. జుట్టు భుజాల మీద పరుచుకుంది. పాదాల దగ్గర దూడంత వేటకుక్క. వెనక ఆకాశంలోకి నిటారుగా ఒక గుండ్రటి రాతి స్తంభంలాంటి గోపురం, దాని వెనక ఉదయిస్తున్న సూర్యుడు. చుట్టూ అంచులో మూడేసి ఆకుల తీగ, అంటే షామ్‌రాక్, ఈ దేశపు గుర్తు. కింద పేరేమీ లేదు. పేరు వెయ్యాల్సిన అవసరం లేదు, ఆవిడ ఐర్లండ్ అని అందరికీ తెలుసు. మేం మాత్రం ఇంట్లో ఐర్లండమ్మ అనుకున్నాం.

పాఠం రెండు గుమ్మాల మధ్య జరిగింది. పిల్ల మా గడప మీద, ఆవిడ తన గడప మీద, మధ్యలో కుర్చీ. ఆ రోజుల్లో లండన్ హాస్యపత్రికలవాళ్ళు ఐరిష్‌వాణ్ణి గీస్తే కోతి మొహం, చేతిలో దుడ్డుకర్ర గీసేవారట. ఇక్కడి పుస్తకాలవాళ్ళు దానికి జవాబుగా ఈ అమ్మాయిని కూర్చోబెట్టారు. “దేశం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు కదా,” అంది ఆవిడ. “పుస్తకం కొన్నవాళ్ళు, ఓహో ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నారు. పిల్లలు ఈ బొమ్మలు చూస్తూ పెరిగారు. పెద్దయ్యాక దీనికోసం జైలుకు కూడా వెళ్ళారు.”

“మొహం ఇంత తెల్లగా ఎలా వచ్చింది?” అని మా అమ్మాయి అడిగింది. మిగతా అంతా సన్నటి నల్లగీతలే.

“చెక్క మీద చెక్కిన బొమ్మ. చెక్కని ఎక్కడ తొలిచేస్తే అక్కడ సిరా అంటదు, కాగితం తెలుపు మిగులుతుంది. ఆమె మొహం అంటే చెక్క తీసేసిన చోటు. అక్కడ ఏమీ లేదు.”

మా అమ్మాయి ఇదంతా రాసుకోకుండా గుర్తుపెట్టుకుంది. లెక్కల విషయంలో నేనెన్నడూ చూడని శ్రద్ధ అది. స్నానాలగది అద్దం ముందు మాట్లాడటం సాధన చేసింది. “షీ ఈజ్ అవర్ కంట్రీ,” అని మొదలుపెట్టేది. ‘అవర్’ దగ్గర కొంచెం ఆగేది.

మా అత్తగారు ఈ పుస్తకాన్ని ఒక మధ్యాహ్నం చూశారు. కళ్ళజోడు తెచ్చుకుని, బొమ్మ మీదకు వంగి, ఒక్కసారి చెంపలు వేసుకున్నారు.

“సరస్వతమ్మ!”

“అమ్మమ్మా, నో. షీ ఈజ్ ఐర్లండ్!”

“వీణ ఉండాది కదే. తెల్లచీర ఉండాది. రాతి మీద కూసోనుండాది. ఇంకెవరు?”

నేను చదువుకున్నవాడిని కాబట్టి కలగజేసుకున్నాను. “అత్తా, పక్కన కుక్క ఉంది చూడండి. హంస లేదు కదా.”

“కుక్క ఉంటే ఏమి నాయనా? దత్తాత్రేయస్వామికి లేవా నాలుగు? ఈ దేశంలో హంసలు దొరికినాయో లేదో.”

హంసలు ఇక్కడ కావలసినన్ని ఉన్నాయి. బ్రే రేవుకు పోతే గుంపులుగా ఒడ్డుకొచ్చి మనుషుల చేతుల్లోని రొట్టె లాక్కుంటాయి. కాని బ్రే రేవు మా వృత్తానికి అవతల ఉంది. నిరూపించే దారి లేక ఊరుకున్నాను.

“ఇదిగో ధ్వజస్తంభం. ఇదిగో మారేడు. మూడాకులు, ఒక్కటే కాడ,” అని ఆవిడ అంచు చుట్టూ వేలు తిప్పారు. “నాకు తెల్దా?”

నిజానికి ఆవిడ వాదన మరీ తీసిపారేయదగ్గది కాదు. ఇంచుమించు ఆ కాలంలోనే మన దగ్గర కూడా అచ్చాఫీసులు రంగుల దేవతల పటాలు వేయడం మొదలుపెట్టాయి. అంతకు ముందు సరస్వతి ఊరికో తీరుగా ఉండేది. ఒక అచ్చాఫీసువాళ్ళు ఆ చీరకట్టు, ఆ నెమలి, ఆ కూర్చునే రాయి కుదిర్చి వేలకొద్దీ కొట్టాక, దేశమంతా ఒకే ఆవిడకు దణ్ణం పెట్టింది. ఇదంతా మా అత్తగారికి వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, “అయితే ఇద్దరూ అక్కచెల్లెండ్లే అంటారు,” అన్నారు. నేను అన్నది అది కాదు. అంతకంటే బాగా కూడా నేను చెప్పలేకపోయాను.

క్లాసులో మాట్లాడాల్సిన రోజుకు ముందురోజు శ్రీపంచమి వచ్చింది. ఆ సంగతి ఐరిష్ క్యాలెండరులో లేదు. నేను ఇస్త్రీ బల్ల దగ్గర మీటింగులో ఉన్నాను, పిల్ల గదిలో క్లాసులో ఉంది. అత్తగారు ఇంట్లోని పుస్తకాలన్నీ పోగుచేసి పూజలో పెట్టారు. మా దేవుళ్ళు సింకు పక్క అలమరాలో ఉంటారు. ఇక్కడ అలమరాను ‘ప్రెస్’ అంటారు, కాబట్టి అచ్చులో పుట్టిన దేవతలు మళ్ళీ ప్రెస్‌లోకే చేరారని నేను ఒక జోకు వేసుకున్నాను, నాలో నేనే. వినేవాళ్ళంతా మ్యూట్‌లో ఉన్నారు.

అడుగున నా పాత ప్రోగ్రామింగు పుస్తకం, దాని మీద పిల్ల ఐరిష్ వాచకం, ఆ పైన ఎదురింటావిడ అమ్మమ్మగారి పుస్తకం, బొమ్మ దగ్గర తెరిచి. అగరుబత్తీ వెలిగిస్తే పొగ గంట మోగుతుంది. హారతి కర్పూరం వెలిగిస్తే ఫైరింజనే వస్తుందని నేనే ఎప్పుడో భయపెట్టాను. అందువల్ల పూజ ఆ ఏడాదంతా నిప్పు లేకుండా జరిగేది, ఆ లోటు ఆవిడ పసుపు కుంకుమలతో పూడ్చేవారు. బొమ్మ మీద సూపర్‌మార్కెట్టు డాఫోడిల్ పువ్వులు నిండుగా పరిచారు. కింద ఏముందో కనిపించలేదు.

సాయంత్రం పిల్ల చూసి గొల్లుమంది. “అమ్మమ్మా, రేపు నాకు కావాలి! ప్లీజ్!”

“రేపు ఉద్వాసన చెప్పినాక తీసుకో బంగారూ. అందాక కదిలించగూడదు. చదువు రాదు.”

ఉద్వాసన అనే మాట మన భాషలో రెండు పనులు చేస్తుంది. పూజలో అయితే, వచ్చిన దేవతను ఇక దయచేయండి అని సాగనంపడం. పేపర్లో అయితే, ఉద్యోగం పీకడం. ఆ ఏడాది మా కంపెనీలో రెండో అర్థం బాగా ప్రచారంలో ఉంది. మొదటి అర్థం మా అత్తగారికి కావాలి, దొరకడం లేదు. ఇంట్లో ఉద్వాసన దొరకగలిగింది ఆ పుస్తకానికి ఒక్కదానికే, అది కూడా రేపు పొద్దున.

పొద్దున పదింటికి క్లాసు. అత్తగారు తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుని, నింపాదిగా వచ్చారు. పిల్ల వంటగది గుమ్మంలో షూ వేసుకున్న కాళ్ళతో ఎగురుతోంది. ఇల్లు కదిలే పని లేకపోయినా ఆ రోజు షూ వేసుకుంది, యూనిఫారం వేసుకుంది. మా ఆవిడ పడకగది తలుపు తీసి, “అమ్మా, కొంచెం తొందరగా సాగనంపు,” అని మళ్ళీ మూసింది. అత్తగారు మంత్రం చదివి, పుస్తకాల దొంతరను కాస్త కదిపారు. పిల్ల పువ్వులు తోసేసి పుస్తకం లాక్కుని పరిగెత్తింది. నేను వెనకే వెళ్ళి కెమెరాకు అందకుండా గది గుమ్మంలో నిలబడ్డాను.

స్క్రీను మీద చిన్నచిన్న గళ్ళలో పిల్లల మొహాలు. ఒకడు కోట గోడ బొమ్మ చూపించాడు. ఒక పిల్ల రైతు గుడిసె చూపించింది. తర్వాత టీచరు మా అమ్మాయి పేరు పిలిచింది, తన పద్ధతిలో కొంచెం విరిచి. మా అమ్మాయి నిలబడి పుస్తకం ఎత్తి కెమెరాకు దగ్గరగా పెట్టింది.

అప్పుడు పక్క నుంచి స్క్రీనులో చూశాను. ఐర్లండమ్మ నుదుటి మీద, ఏమీ లేని ఆ తెల్లటి చోట, కందిబద్దంత కుంకుమ బొట్టు. తడి వేలితో పెట్టినట్టున్నారు, కాగితంలోకి బాగా దిగింది. పాదాల మీద పసుపు. కుక్కకు కూడా ఒక చుక్క.

పిల్లకు కనబడటం లేదు, బొమ్మ అటువైపు తిరిగి ఉంది, స్క్రీనుకు పుస్తకమే అడ్డం. “షీ ఈజ్...” అని మొదలుపెట్టింది.

“ఓహ్, ఎంత బావుంది!” అంది టీచరు, నిజంగా సంతోషించి. “తీసుకొచ్చావన్నమాట! ఇది మీ ఇండియా దేవతా? చూడండి పిల్లలూ, నుదుటన ఆ ఎర్ర చుక్క చూడండి. దాని గురించి మాకు చెప్తావా?”

మా అమ్మాయి పుస్తకం తన వైపు తిప్పుకుని చూసింది. తర్వాత కెమెరా వైపు తిరిగి, “షీ ఈజ్ ఐర్లండ్, మిస్,” అంది.

గళ్ళలో ఎవరో నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. వాళ్ళ స్థానంలో ఎవరైనా నవ్వుతారు. టీచరు కంగారుపడి, “గ్రాండ్, గ్రాండ్. చాలా చక్కగా ఉంది,” అని ఇంకొకరి పేరు పిలిచింది. నేర్చుకున్నదంతా, కోతి మొహాలు, గోపురం, సూర్యుడు, పిల్ల నోట్లోనే ఉండిపోయింది. లాప్‌టాప్ మూత వేసేసింది.

రెండు పడకగదుల ఇంట్లో అలగడానికి చోటు ఉండదు. ఒక గదిలో అమ్మ మీటింగు, రెండో గదిలో ఇందాకటి బడి, హాల్లో నేను, వంటగదిలో ఎవరి మీద అలిగిందో ఆ మనిషే. పిల్ల బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వానలో అయిదు నిమిషాలు నిలబడి, అక్కడా చోటు లేదని తెలుసుకుని లోపలికి వచ్చింది. తన గదిలోకే పోయింది.

అత్తగారు దూదితో బొట్టు తుడవబోయారు. అది నుదుటి నుంచి చెంపల దాకా గులాబీ రంగులో పాకింది. ఐర్లండమ్మ సిగ్గుపడినట్టు కనిపించింది.

“నేనేమి చెడ్డ చేసినా నాయనా?” అన్నారు నాతో, దూది చేతిలో పట్టుకుని. “ఆడమనిషిని ఉత్త నొసటితో ఎట్ల పెట్టేది పూజలో?”

ఆవిడ పిల్ల గది గుమ్మం దాకా పోయి, “పోనీలే బంగారూ, మనమ్మే అనుకున్నారు గదా వాళ్ళు. మంచిదేలే,” అన్నారు. లోపలి నుంచి తలుపు పడింది.

పుస్తకం తిరిగి ఇవ్వాలి. నేను ఇస్తానన్నాను. పిల్ల ఒప్పుకోలేదు. నమ్మి తన చేతికిచ్చారు కాబట్టి తనే ఇవ్వాలంది. సాయంత్రం కుర్చీని వసారా మధ్యలో పెట్టి, పుస్తకాన్ని దాని మీద ఆ బొమ్మ దగ్గరే తెరిచి పెట్టింది. దాచడానికి ప్రయత్నించలేదు. ఎదురింటి బెల్లు కొట్టి, వచ్చి మా గడప మీద నిలబడింది. వెనక నేను, నా వెనక దూదిని ఇంకా వదలని అత్తగారు.

ఎదురింటావిడ వచ్చి కుర్చీ దాకా నడిచింది. ఇన్ని నెలల్లో ఆవిడ గడప దాటడం నేను చూడటం అదే మొదలు. పుస్తకం మీదకు వంగింది. మా అమ్మాయి ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. అమ్మమ్మ పూజ, పువ్వులు, టీచరు అన్నది, పిల్లలు నవ్వింది. చివర, “ఐయామ్ సో సారీ. మీ అమ్మమ్మ బొమ్మను పాడుచేశాం. ఇప్పుడామెను చూస్తే ఇక్కడి మనిషిలా లేదు,” అంది.

ఆవిడ వేలు బొట్టు మీద పెట్టి చూసింది. తర్వాత ఆ వేలిని బొమ్మ కింది మూలకు, గడ్డి పరకల మధ్య కనిపించీ కనిపించని రెండు పొడి అక్షరాల దగ్గరకు జరిపింది.

“ఈమెను చెక్కినవాడు లండన్‌వాడు. ఐర్లండ్ మొహం కూడా చూసి ఉండడు,” అంది, మా అమ్మాయి వైపు చూస్తూ. “అయినా ఇన్నాళ్ళూ ఈమెను ఎక్కడి నుంచి అని ఒక్కరూ అడగలేదు. ఎందుకంటే తెల్లగా ఉంది.”